ఆ చివరి గంట

అమ్మాయీ,

ఈనాటి స్వరకర్తల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆర్వో ప్యార్ట్ 1935లో ఎస్టోనియాలో పుట్టారని, సోవియట్ ఏలుబడిలో ఉన్న ఆ దేశాన్ని 1980లో వదిలి వెళ్లారని రాశావు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ తర్వాత మాత్రం 'అలౌకికం', 'మాటలకందని అనుభూతి' అంటూ మూడు పేజీలు నడిపావు. ఆ మాటలు బాలమురళి గారి మహతి రాగానికైనా అతుకుతాయి, గుళ్లో సన్నాయికైనా అతుకుతాయి. నీ వయసులో నేనూ కచేరీల మీద అలాగే రాశాను. ఇప్పుడు వాటిని తిరగేస్తే ఆ రోజు ఏం పాడారో నాకే తెలియడం లేదు. ఆ బాధతోనే ఈ ఉత్తరం.

ఇంగ్లీషు స్వరకర్త బెంజమిన్ బ్రిటన్ స్మృతికి ప్యార్ట్ 1977లో రాసిన 'కాంటస్' మళ్లీ విను. ఆరేడు నిమిషాలు. జరిగింది జరిగినట్టు కాగితం మీద పెట్టు. మొదట గంట ఒక్కటే మోగుతుంది. తర్వాత వయొలిన్లు పైస్థాయిలో దిగడం మొదలుపెడతాయి. మన లెక్కలో నటభైరవి రాగం అవరోహణ, అంటే పైనుంచి కిందికి దిగే స్వరాల వరస: స, సని, సనిద, సనిదప... ప్రతిసారీ ఒక్క మెట్టు ఎక్కువ. కింది వాద్యాలూ ఒకదాని వెనక ఒకటి అదే వరస అందుకుంటాయి, ఒక్కొక్కటి ముందుదానికన్నా రెట్టింపు నిదానంగా. సంగీతం మొదటి పాఠాలైన సరళీ స్వరాలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, పాడిన పిల్లలకు ఇది చిటికెలో అర్థమవుతుంది. ఆ మూడు కాలాలూ ఒకేసారి వినిపిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోమని చెప్పు, చాలు.

ఇంకొకటి. ఆయన 1976లో పట్టుకున్న టింటినాబులి పద్ధతిని 'తంబురా శ్రుతి లాంటిది' అని తేల్చేశావు. కాదమ్మా. తంబురాకు పాట నడకతో పనిలేదు, దాని మీటు దానిది. ఇక్కడ ఒక గొంతు మెట్టుమెట్టుగా నడుస్తుంటే, జోడు గొంతు మూడే మూడు స్వరాల్లోంచి ఆ అడుగుకు దగ్గరగా ఉన్నది ఏరుకుని వెంట వస్తుంది. పోలిక తెస్తే అది ఎక్కడ సరిపోదో కూడా రాయి. పాఠకుడు నీ మాట నమ్మేది అక్కడే. ఆ పద్ధతి దొరకకముందు ఆయన ఏళ్ల తరబడి దాదాపు ఏమీ రాయకుండా పాత చర్చి గానాలు చదువుకున్నారు. దాన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు, ఇంకాస్త ఆగాల్సింది.

'కాంటస్' చివర వాద్యాలన్నీ దిగి దిగి మంద్రంలో నిలబడి, గట్టిగా చాలాసేపు మోగి, ఒక్కసారిగా ఆగుతాయి. అప్పుడు బయటపడుతుంది గంట. ఆ హోరు వెనక ఎవరికీ తెలియకుండా మెల్లగా కొట్టిన గంట. నీ వ్యాసంలో అది లేదు. వినలేదా, విని వదిలేశావా?

ఈసారి ఆ ఒక్క రచన మీదే రెండు పేజీలు రాసి పంపు. నా హెడ్‌ఫోన్లు మనిషి చేత పంపిస్తున్నాను. ఫోన్ స్పీకర్లో ఆ చివరి గంట సరిగా వినపడదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు