మారేడుమిల్లి, అరకు, విశాఖ టూర్‌కు లోను తీసుకుని కొత్త కారు కొనాలా?

ప్రశ్న: నా వయసు 41. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. జీతం చేతికి 78,000 వస్తుంది. ఇంటి లోను ఈఎంఐ 24,000. అన్ని ఖర్చులూ పోను నెలకు 12,000 దాకా మిగులుతుంది. ఎఫ్‌డీలో 2.8 లక్షలు ఉన్నాయి. దసరాకు 30,000 బోనస్ వస్తుంది. సంక్రాంతి సెలవుల్లో మారేడుమిల్లి, లంబసింగి, అరకు చూసుకుని విశాఖలో దిగి, సముద్రం దగ్గర రెండు రోజులు గడపాలని ఆలోచన. నేను, నా భార్య, ఆరో తరగతి, మూడో తరగతి చదువుతున్న పిల్లలు, 67 ఏళ్ల అమ్మ. మాకు ఎనిమిదేళ్ల చిన్న కారు ఉంది. జీఎస్టీ తగ్గింది కాబట్టి దాన్ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చి, ఎఫ్‌డీలో కొంత తీసి, 9 లక్షల లోనుతో ఎస్‌యూవీ కొనమని అందరూ అంటున్నారు. లేదంటే 1.5 లక్షల పర్సనల్ లోను తీసుకుని సెల్ఫ్ డ్రైవ్ కారులో వెళ్లొచ్చా? తమ్ముడు విశాఖలోనే ఉంటాడు. మా సొంతూరు కోదాడ దగ్గర.

జవాబు: మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. టూర్‌కు వెళ్లాలా అన్నది ఒకటి, కారు మార్చాలా అన్నది ఇంకొకటి. మొదటిదానికి నా జవాబు వెళ్లండి అనే. పిల్లలు ఈ వయసులో ఉన్నప్పుడే వెళ్లాలి. ఇంకో నాలుగేళ్లు పోతే పెద్దవాడికి మీతో కంటే ఫోన్‌తోనే ఎక్కువ పని ఉంటుంది. రెండోదాన్ని ఈ టూర్ లెక్కలోంచి తీసేద్దాం.

9 లక్షలు, 9.5 శాతం వడ్డీ, ఏడేళ్లు అనుకుంటే ఈఎంఐ దాదాపు 14,700 పడుతుంది. మీకు మిగిలేది 12,000. అంటే కారు ఇంటికి వచ్చిన మొదటి నెల నుంచే 2,700 లోటు. ఎస్‌యూవీ ఇన్సూరెన్స్, సర్వీసింగ్, పెట్రోలు ఇంకా కలపలేదు. ఏడేళ్లలో కట్టే వడ్డీ 3.3 లక్షలు దాటుతుంది. పది రోజుల ప్రయాణం కోసం 84 నెలల ఈఎంఐ. జీఎస్టీ తగ్గిన మాట నిజమే. అలాగని మీ జీతం పెరగలేదు కదా!

అసలు ఆ రోడ్లకు ఎస్‌యూవీ తప్పనిసరి కూడా కాదు. రాజమండ్రి నుంచి రంపచోడవరం మీదుగా మారేడుమిల్లికి సుమారు 85 కిలోమీటర్ల తారు రోడ్డు, ఆర్టీసీ బస్సులు తిరిగే దారి. రంపచోడవరం నుంచి అడ్డతీగల, కొయ్యూరు, చింతపల్లి, లంబసింగి, పాడేరు, అరకు దాకా 516ఈ జాతీయ రహదారి వెళ్తుంది. విస్తరణ పనులు జరిగే చోట దుమ్ము, గుంతలు ఉంటాయి. మీ చిన్న కారు బ్రేకులు, టైర్లు, కూలెంట్, బ్యాటరీ బాగుంటే పగటిపూట నెమ్మదిగా పోవచ్చు. పాడేరు దగ్గరి వంజంగి మేఘాల కొండకు ఎలాగూ ఎవరి కారైనా కింద ఆపాల్సిందే. అక్కడి నుంచి నడిచో, స్థానికుల జీపులోనో పైకి వెళ్తారు.

ఒక్క ఇబ్బంది మాత్రం నిజం. ఐదుగురు, సామాన్లు, ఘాట్ రోడ్డు. వెనక సీట్లో అమ్మ మోకాళ్లు ముడుచుకుని పిల్లల మధ్య ఐదారు గంటలు కూర్చోవడం బాగుండదు. దీనికి మీ తమ్ముడే పరిష్కారం. అమ్మను రైల్లో నేరుగా విశాఖ పంపించండి. సికింద్రాబాద్ నుంచి రాత్రి రైళ్లు బోలెడు ఉన్నాయి, వందేభారత్ అయితే పగలే చేరుస్తుంది. మీరు కొండలు దిగి వచ్చేసరికి ఆమె చిన్న కొడుకు ఇంట్లో హాయిగా ఉంటారు. అందరూ కలిసి సింహాచలం అప్పన్న దర్శనం చేసుకోవచ్చు. రానుపోను టికెట్లకు 2,500 వేశాను.

ఇక పర్సనల్ లోను. లక్షన్నరకు 14 శాతం వడ్డీతో మూడేళ్ల గడువైతే నెలకు సుమారు 5,100. మొత్తం వడ్డీ 34,500 పైచిలుకు. కింద నేను వేసిన టూర్ ఖర్చులో ఇది సగం కంటే ఎక్కువ. అరకులో తాగిన కాఫీకి మూడేళ్ల దాకా డబ్బు కడుతూ ఉంటారు.

నా లెక్క ఇది. హైదరాబాద్ నుంచి విజయవాడ మీదుగా రాజమండ్రి, మారేడుమిల్లి, లంబసింగి, పాడేరు, అరకు, విశాఖ, భీమిలి, మళ్లీ వెనక్కి. పక్కదారులు, తప్పిపోయిన దారులు కూడా కలిపి 1,900 కిలోమీటర్లు అనుకున్నాను. హైవే మీద మీ కారు లీటరుకు 18 ఇచ్చినా, ఘాట్‌లో సెకండ్ గేరులో అంత రాదు. సగటున 14 వేసుకుంటే 136 లీటర్లు, లీటరు 110 చొప్పున 15,000. టోల్ 2,000. గదులకు డబ్బు కట్టే రాత్రులు ఆరు: రాజమండ్రి ఒకటి, మారేడుమిల్లి రెండు, లంబసింగి ఒకటి, అరకు రెండు. సగటున 3,000 చొప్పున 18,000. బంధువుల ఇళ్లలో ఉండే రోజులు తీసేస్తే తిండికి 16,000. టికెట్లు, జీపులు, పడవలు, కాఫీ పొడి, పిల్లల పేచీలు అన్నీ కలిపి 7,000. అమ్మ రైలు టికెట్లతో మొత్తం 60,500. దీని మీద 12,000 విడిగా పెట్టండి. అది ఖర్చు కాకుండా తిరిగి వస్తే పండగే.

కారు సర్వీసింగ్‌కు 14,000 వేశాను. అన్నీ కలిపి 86,500. ఇది జులై. డిసెంబరు మొదటి వారంలో బయలుదేరితే మధ్యలో ఐదు జీతాలున్నాయి. ఐదు పన్నెండ్లు 60,000, దసరా బోనస్ 30,000. లోను అక్కర్లేదు, ఎఫ్‌డీ ముట్టుకోవక్కర్లేదు. ఈ డబ్బును ఎక్కడ పెడితే వడ్డీ ఎక్కువ వస్తుందని మాత్రం బుర్ర బద్దలు కొట్టుకోవద్దు. ఐదు నెలలకు వచ్చే తేడా ఒక బొంగు చికెన్ ఖరీదు చేయదు. డెబిట్ కార్డు లేని వేరే సేవింగ్స్ ఖాతాలో జీతం పడిన రోజే వేసేయండి, చాలు.

సంక్రాంతికి కాకుండా డిసెంబరు అని ఎందుకన్నానంటే, పండగకు విజయవాడ హైవే మీద పంతంగి టోల్ ప్లాజా దగ్గర కార్ల బారు ఎలా ఉంటుందో కోదాడ వాళ్లకు నేను చెప్పాలా? ఆ వారంలో అరకు గదుల ధరలకు పట్టపగ్గాలుండవు. డిసెంబరు మొదట్లో చలి మొదలై ఉంటుంది, కాఫీ పండ్లు కోస్తుంటారు, అదృష్టం ఉంటే వలిసె పూల పసుపు ఇంకా కొంత మిగిలి ఉంటుంది. శనివారం బయలుదేరి పదో రోజు, అంటే రెండో సోమవారానికి ఇల్లు చేరండి. కొండల్లో ఉండేది ఎక్కువగా మామూలు రోజులే అవుతాయి. పిల్లలకు ఆరు రోజుల బడి పోతుంది. మూడు, ఆరు తరగతులకు దానివల్ల కొంపలేం మునగవు.

గదులు బుక్ చేసేటప్పుడు ఒక రెండు మూడు వందలు ఎక్కువైనా, రద్దు చేస్తే డబ్బు తిరిగి వచ్చేదే తీసుకోండి. అది మన కోస్తాలో తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఏం చేసిందో చూశాం. 2025 అక్టోబరు చివర్లో మొంథా వచ్చింది. డిసెంబరులోనూ వాయుగుండాలు మామూలే. కొండల్లో వాన పడితే కొండచరియలు జారి దారి మూసుకుపోతుంది. రద్దయ్యే బుకింగ్ చేతిలో ఉంటే ప్రయాణం వారం వాయిదా వేస్తారు. లేకపోతే “డబ్బు కట్టేశాం కదా” అని వానలో ఘాట్ ఎక్కుతారు. రెండు మూడు వందలు ఎక్కువ పెట్టమనేది ఇందుకే.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న సంగతికి వస్తాను. ఏజెన్సీ ప్రాంతంలో డబ్బు ఉండటం వేరు, చేతిలో ఉండటం వేరు. కొన్నేళ్ల కిందట మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాట్ దిగుతుంటే నా కారు టైరు పంక్చరైంది. తీరా చూస్తే స్టెప్నీలో కూడా గాలి లేదు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. క్రెడిట్ కార్డుకు రెండు లక్షల లిమిట్, ఖాతాలో జీతం, జేబులో 340 రూపాయలు. అటుగా వచ్చిన లారీ డ్రైవరు నన్నూ, టైరునూ ఎక్కించుకుని కింద పంక్చరు షాపు దాకా తీసుకెళ్లాడు. అక్కడా సిగ్నల్ లేదు. పంక్చరు డబ్బులు, తిరిగి పైకి తెచ్చిన ఆటో డబ్బులు కలిపితే నా 340 చాలలేదు. మిగతాది ఆ ఆటో అబ్బాయికి మర్నాడు ఫోన్‌పే చేశాను. నలుగురికీ ఎమర్జెన్సీ ఫండ్ గురించి చెప్పేవాణ్ని, నా పరిస్థితి అది.

కాబట్టి రాజమండ్రిలోనే ఏటీఎంలో 15,000 తీయండి. అన్నీ 500 నోట్లు వద్దు. సగం వందలు, రెండు వందలు ఉండాలి. వారపు సంతలో అరటి గెల అమ్మే అమ్మ దగ్గర 500కు చిల్లర ఎక్కడ ఉంటుంది? మీ దగ్గర సగం, మీ ఆవిడ దగ్గర సగం. పెట్రోలు సగం ట్యాంకుకు దిగినప్పుడల్లా రంపచోడవరం, పాడేరు, అరకు లాంటి పెద్ద ఊళ్లలోనే నింపండి. సంతలో కూరగాయలకు, తేనెకు బేరమాడకండి. తేనె, కాఫీ విషయంలో అనుమానమైతే గిరిజన సహకార సంస్థ దుకాణాలున్నాయి, అక్కడ కొనండి.

ఎఫ్‌డీని విరగ్గొట్టవద్దన్నాను కానీ, దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ సౌకర్యం, అంటే ఎఫ్‌డీని అలాగే ఉంచి అవసరమైనప్పుడు దాని మీద అప్పు వాడుకునే వీలు, ఇప్పుడే పెట్టించుకోండి. వాడిన రోజులకే వడ్డీ. సాధారణంగా ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి రెండు శాతం ఎక్కువ ఉంటుంది. క్రెడిట్ కార్డులో 30,000 దాకా లిమిట్ ఖాళీగా ఉంచండి, అది ఆసుపత్రి కోసం మాత్రమే. మీ హెల్త్ పాలసీలో నగదురహిత వైద్యం ఇచ్చే ఆసుపత్రులు రాజమండ్రి, విశాఖల్లో దొరుకుతాయి. కొండ మీద సాధారణంగా మీకు అందేది ప్రభుత్వ ఆసుపత్రి. జాబితా ముందే చూసి కాగితం మీద రాసుకోండి, ఫోన్‌లో కాదు.

కారు ఇన్సూరెన్స్ సంగతి మీరు రాయలేదు. ఎనిమిదేళ్ల కారు కాబట్టి థర్డ్ పార్టీ ఒక్కటే కడుతున్నారేమో చూడండి. అలాగైతే మీ కారు లోయ వైపు గోడకు రాసుకున్నా, ఏ కొండరాయి దాని మీద పడినా పైసా రాదు. బయలుదేరే ముందే కాంప్రహెన్సివ్‌కు మారండి. పాలసీ మధ్యలో మారితే కారు తనిఖీ చేస్తారు, దానికి కొంత సమయం పట్టొచ్చు. ఈ వయసు కారుకు జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల పాతదనానికి కోత లేకుండా క్లెయిము ఇచ్చేది) దొరకడం కష్టం, దాని కోసం తిరగొద్దు. రోడ్ సైడ్ అసిస్టెన్స్ మాత్రం తీసుకోండి. అందులో కారును ఉచితంగా ఎన్ని కిలోమీటర్లు లాక్కెళ్తారో చదవండి. పైన చెప్పానుగా, మారేడుమిల్లి నుంచి రాజమండ్రికే 85. ఈ ప్రీమియం నేను టూర్ ఖర్చులో కలపలేదు. టూర్ లేకపోయినా కట్టాల్సిందే.

అయినా పెద్ద కారే కావాలనిపిస్తే అద్దెకు తీసుకోండి, తప్పు లేదు. కానీ నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలున్న కారే తీసుకోండి. రోజుకు రెండు వేలకు తన తెల్ల ప్లేటు బండి ఇస్తాననే స్నేహితుడు ప్రతి అపార్ట్‌మెంట్‌లో ఒకడుంటాడు. సొంత వాడకం పాలసీ ఉన్న బండిని డబ్బుకు తిప్పితే, ప్రమాదం జరిగినప్పుడు క్లెయిము తిరస్కరించే హక్కు కంపెనీకి ఉంటుంది. అప్పుడు బండీ పోతుంది, స్నేహమూ పోతుంది.

ఫాస్టాగ్ వార్షిక పాస్ గురించి ఒక మాట. 2025 ఆగస్టు 15న మొదలైనప్పుడు ధర 3,000. ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. ఒక్క టూర్ కోసమైతే అనవసరం. కానీ మీరు నెలకోసారి కోదాడ వెళ్లేవారైతే పంతంగి, కొర్లపహాడ్ టోల్ ప్లాజాలు రెండింటినీ రానుపోను దాటుతారు. ఏడాదికి 48 సార్లు. టూర్ కూడా కలిపితే పాస్ గిట్టుబాటు అవుతుంది. జాతీయ రహదారుల మీద సొంత కార్లకే ఇది పనిచేస్తుంది, అద్దె కారుకు కాదు.

మీ జీతంలో ఎల్‌టీఏ (సెలవు ప్రయాణ భత్యం) ఉంటే దాని మీద ఆశ పెట్టుకోకండి. కొత్త పన్ను విధానంలో ఆ మినహాయింపు లేదు. పాత విధానంలో ఉన్నా అది ప్రయాణ ఛార్జీలకే వర్తిస్తుంది, గదులకూ తిండికీ కాదు. సొంత కారు పెట్రోలు బిల్లులు పట్టుకెళ్తే మీ ఆఫీసు అకౌంట్స్ వాళ్లు మొహం చిట్లిస్తారు.

తిరుగు ప్రయాణంలో విశాఖ నుంచి హైదరాబాద్ 620 కిలోమీటర్లు ఒక్క దెబ్బలో కొట్టేద్దామని అనిపిస్తుంది. వద్దు. ఆదివారం పొద్దున్నే అమ్మను రైలెక్కించమని తమ్ముడికి చెప్పి మీరు బయలుదేరితే చీకటి పడేసరికి కోదాడలో ఉంటారు. ఆ రాత్రికి మీ ఇంట్లోనే పడుకోండి. అందుకే బడ్జెట్‌లో ఆ రాత్రికి గది అద్దె వేయలేదు.