ఆ బుధవారం మీ నాన్నగారు ఇంట్లో ఎందుకున్నారు?

అమ్మాయీ,

ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. 2001 కోల్‌కతా టెస్టు, ముందుగదిలో టీవీ, కుర్చీలో మీ నాన్నగారు. చెయ్యి తిరుగుతోంది, ఆ మాట చెప్పి ఊరుకోవచ్చు. కానీ నీ మొదటి వాక్యంలో ఒక తప్పుంది. దాన్ని గబుక్కున దిద్దేసి ముందుకెళ్ళిపోతావేమోనన్న భయంతో ఈ ఉత్తరం.

"ఆ ఆదివారం లక్ష్మణ్ రోజంతా ఆడుతుంటే నాన్న కుర్చీలోంచి లేవలేదు" అని మొదలుపెట్టావు. ఆ టెస్టు మొదలైంది ఆదివారమే, మార్చి 11న. కానీ ఆ రోజు బ్యాటింగ్ ఆస్ట్రేలియాది. ఆదివారం మీ ఇంట్లో టీవీ నడిచి ఉంటే మీరు చూసింది హర్భజన్ హ్యాట్రిక్, వరస బంతుల్లో మూడు వికెట్లు: పాంటింగ్, గిల్‌క్రిస్ట్, వార్న్. లక్ష్మణ్, ద్రావిడ్ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒక్క వికెట్టూ పోకుండా 335 పరుగులు కొట్టింది నాలుగో రోజు. మార్చి 14, బుధవారం.

బుధవారం పూట ఆఫీసు మానేసి మీ నాన్నగారు ఇంట్లో ఏం చేస్తున్నారు? సెలవు పెట్టారా? ఒంట్లో బాగా లేదా? ఆ నెల ఉద్యోగమే లేదా? లేకపోతే ఆయన సాయంత్రం వచ్చి చూసిన గంట ఆటనే ఇన్నేళ్ళలో ఇంటిల్లిపాదీ కలిసి ఓ రోజంత చేసుకున్నారా? నువ్వు బడికి ఎందుకు వెళ్ళలేదు? "ఆదివారం" కొట్టేసి "బుధవారం" అని వేస్తే వాక్యం సరిపోతుంది, వ్యాసం మాత్రం పోతుంది. నీకు రాయాల్సిన సంగతి ఈ తేడాలోనే ఉంది.

అందుకని ముందు ఒక నోటుబుక్కు తీసుకో. పేజీ మధ్యలో గీత గియ్యి. ఎడమపక్క స్కోరుకార్డు చెప్పేది, కుడిపక్క ఇంట్లోవాళ్ళు చెప్పేది. స్కోరుకార్డు నుంచి తేదీ, వారం, ఆట మొదలైన వేళ, ఏ ఓవర్లో ఏం జరిగిందో ఎక్కించు. వన్డేలో ఓవరుకి నాలుగు నిమిషాల పైచిలుకు వేసుకుంటే గడియారం లెక్క దాదాపు దొరుకుతుంది. ఉదాహరణకి, 2011 ప్రపంచకప్ ఫైనల్ మధ్యాహ్నం రెండున్నరకి మొదలైంది కాబట్టి ఇరవయ్యో ఓవరు అంటే నాలుగు కావస్తోందన్నమాట. నాలుగింటికి మీ వీధిలో ఏం జరుగుతుంది? కుళాయి నీళ్ళు వచ్చే వేళా? పాలవాడి వేళా? బిందె పట్టుకుని లేచింది ఎవరు? రెండు పక్కలూ సరిపోయిన చోట పెద్దగా రాయడానికి ఏమీ ఉండదు. సరిపోని చోట ఎర్ర సిరాతో చుక్క పెట్టు. మూడు చుక్కలు దొరికితే చాలు, వ్యాసం కూర్చుంటుంది.

ఇంట్లోవాళ్ళని అడగడంలో నువ్వు చేసిన పొరపాటు, అందరినీ భోజనాల దగ్గర ఒకేసారి అడగడం. అలా అడిగితే గొంతు పెద్దదైనవాళ్ళ జ్ఞాపకమే మిగిలినవాళ్ళ జ్ఞాపకమూ అయిపోతుంది. ఒక్కొక్కరినీ విడిగా అడుగు. "అప్పుడు నీకేమనిపించింది?" అని మాత్రం అడగొద్దు, "ఏముంది, సంతోషమేసింది" అంటారు, అక్కడితో సరి. వస్తువుల గురించి అడుగు. టీవీ ఏ గోడకి ఉండేది? రిమోట్ ఉండేదా, ఎవరైనా లేవాలా? కరెంటు పోతే ఎవరింటికి పరిగెత్తేవాళ్ళు? ఎన్ని కుర్చీలు, కింద కూర్చున్నది ఎవరు? పకోడీలు వేశానని అమ్మ అంటే శనగపిండి ఎంత కలిపావని అడుగు. పావుకిలో అయితే మీ నలుగురికే. అరకిలో అందనుకో, నీ వ్యాసంలో లేని మరో నలుగురైదుగురు ఆ గదిలో ఉన్నారు. వాళ్ళెవరో, ఇప్పుడు ఎందుకు రావడం లేదో కనుక్కో.

అమ్మ మాట వచ్చింది కనుక. నీ వ్యాసంలో ఆవిడ రెండుసార్లు కనబడుతుంది, రెండుసార్లూ పళ్ళెంతోనే. మన భాషలో వచ్చే క్రికెట్ జ్ఞాపకాల్లో తొంభై పాళ్ళు ఇదే వరస, నాకు విసుగు పుట్టింది. పైగా నువ్వే ఓ చోట నవ్వులాటగా రాశావు: "అమ్మ గదిలోకొస్తే వికెట్ పడుతుందని నాన్న ఆవిణ్ణి లోపలికి పంపేసేవారు." నవ్వొచ్చే మాటే. కానీ ఒక మనిషిని ఏళ్ళ తరబడి సొంత ఇంటి ముందుగదిలోకి రానివ్వని ఆచారం అది. దాన్ని తిట్టొద్దు, ముద్దూ చెయ్యొద్దు. వంటింట్లో ఉన్న మనిషికి ఆట ఎలా తెలిసేదో రాయి. గదిలో నిశ్శబ్దమైతే ఒకటి, చప్పట్లయితే ఒకటి, కుర్చీ కోళ్ళు గచ్చు మీద గీసుకున్న చప్పుడైతే ఇంకొకటి. ఆవిడ స్కోరు మీకంటే కచ్చితంగా చెప్పగలిగేదేమో, ఎవరు అడిగారు? (ఇప్పటి ఇళ్ళలో ఇంకో చిత్రం ఉంది. ఫోనులో చూసేవాళ్ళకి బంతి కాస్త ఆలస్యంగా వస్తుంది. పక్కింటివాళ్ళ కేక ముందు, వికెట్టు తర్వాత. ఎవరైనా రాస్తే బాగుండును.)

అంకెల సంగతి. నీ వ్యాసంలో ఇరవై రెండు లెక్కపెట్టాను. లక్ష్మణ్ కొట్టిన 281 ఉంచు, ఆ అంకె తెలుగు ఇళ్ళలో ఇంటిపేరులా స్థిరపడింది. 335 ఉంచు, వికెట్టు పోని రోజు ఎంత పొడుగో అది చెబుతుంది. 376 పరుగుల భాగస్వామ్యం, ఆస్ట్రేలియా వరసగా గెలిచిన 16 టెస్టులు తీసెయ్, కావలసినవాళ్ళు చూసుకుంటారు. తొలి ఇన్నింగ్స్‌లో 171కి ఆలౌటైన జట్టు చివరికి 171 పరుగుల తేడాతోనే గెలవడం ముచ్చటగానే ఉంటుంది, అయినా తీసెయ్. ఒక్క సంగతి మాత్రం చేర్చే వీలుందేమో చూడు. ఆ మార్చి 11నే బర్మింగ్‌హామ్‌లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచాడు. మర్నాటి పేపరు మీ ఇంట్లో ఎవరు ముందు తీశారు, ఏ వార్త పైకి చదివారు? ఎవరికీ గుర్తు లేకపోతే, ఇంట్లో క్రికెట్ ఎంత చోటు ఆక్రమించిందో అదే చెబుతుంది.

భాష గురించి కొంచెం కఠినంగా ఉంటాను. "చెలరేగిపోయాడు", "విశ్వరూపం చూపించాడు", "బంతిని బౌండరీకి తరలించాడు" — ఇవి స్పోర్ట్స్ పేజీలో రాత్రి పదకొండింటికి గడువు ముంచుకొస్తుంటే పుట్టిన మాటలు. అక్కడ వాటి పని వాటిది. మీ ముందుగదిలో ఎవరూ అలా మాట్లాడి ఉండరు. వీధిలోంచి వచ్చినవాడు చెప్పులు విప్పుతూ "ఎంత? ఎన్ని పోయాయి?" అంటాడు. లోపల్నుంచి "లక్ష్మణ్ ఉన్నాడు" అని జవాబు. ఈ రెండు వాక్యాలు నీ మూడో పేజీ మొత్తానికి సమానం. అలాగే మీ నాన్నగారి ఓపికని లక్ష్మణ్ మణికట్టుతో పోల్చిన చోటు కొట్టేశాను. తండ్రిని ఆటగాడితో పోలిస్తే ఇద్దరూ పలచబడతారు.

చివర్లో అన్నయ్య 2023 ప్రపంచకప్ ఫైనల్‌ని డాలస్‌లో "పొద్దున్నే కాఫీ తాగుతూ" చూశాడని రాశావు. ఇక్కడ మధ్యాహ్నం రెండు అంటే నవంబరులో అక్కడ తెల్లవారుజాము రెండున్నర. అది కాఫీ వేళ కాదు, అలారం పెట్టుకుని, పిల్లలు లేవకుండా సౌండు తగ్గించుకుని చూసే వేళ. ఆస్ట్రేలియా ఓపెనర్ హెడ్ 137 కొట్టి మ్యాచ్ లాక్కుపోయేసరికి అక్కడ ఆదివారం పొద్దున పది కావస్తోంది. ఆ తర్వాత పడుకున్నాడా, నాన్నకి ఫోన్ చేశాడా? చేస్తే ఎన్ని నిమిషాలు, ఏ విషయం మాట్లాడుకున్నారు? ఓడిన మ్యాచ్ తర్వాత తండ్రీకొడుకులు టమాటా ధర గురించి మాట్లాడుకున్నారంటే నేను నమ్ముతాను.

ఇక బాబాయి పందెం. 2003 ప్రపంచకప్ ఫైనల్ మీద కాసి పోగొట్టుకున్న డబ్బు సంగతి ఆయన్ని అడిగి రాశావా? పేరు తీసేస్తే సరిపోదు, నీకు ఉన్నది ఒక్కడే బాబాయి. బాబాయిని మేనమామ చేస్తే ఆ మేనమామ ఏం పాపం చేశాడు? ఆయన పిల్లలకి ఈ సంగతి తెలుసో లేదో కనుక్కుని, ఆయన సరేనంటే ఉంచు. లేదంటే ఆ పేరా నోటుబుక్కులోనే ఉండనీ. బుధవారం వెనక ఏదైనా బరువైన కారణం బయటపడితే నాన్నగారి విషయంలోనూ ఇదే పద్ధతి.

తర్వాతి వ్యాసానికి గెలిచిన మ్యాచ్ పట్టుకోకు. 2021 జనవరి 11, ఆస్ట్రేలియాతో సిడ్నీ టెస్టు చివరి రోజు. తొడ కండరం పట్టేసినా మన కాకినాడ కుర్రాడు హనుమ విహారి 161 బంతులు ఆడి 23 పరుగులతో నిలబడి, అశ్విన్‌తో కలిసి మ్యాచ్‌ని డ్రా చేశాడు. ఇక్కడ ధనుర్మాసం, భోగికి రెండు రోజుల ముందు, ముగ్గులేసే వేళ నుంచీ ఆట. పరుగులు రావు గనక రాసేవాడికి గదిలోకి చూడక తప్పదు. మంచి అభ్యాసం.

ముందు ఇది పూర్తి చెయ్యి. ఇప్పుడున్న పద్దెనిమిది వందల మాటల్ని వెయ్యికి దింపు. పంపేటప్పుడు నోటుబుక్కులో ఎర్రచుక్కల పేజీ కూడా ఫోటో తీసి పంపు. బుధవారం సంగతి మొదట అమ్మని అడుగు, నాన్నగారు ఇంట్లో లేనప్పుడు.