మూడేళ్ల క్రితం టీటీ వేయించాం, మళ్లీ వేయించాలా?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 58. నిన్న పొలంలో తుప్పు పట్టిన మేకు అరికాలిలో లోతుగా దిగింది. మూడేళ్ల క్రితం ఒక టీటీ వేయించాం. ఆరు నెలలు దాటితే అది పనిచేయదంటున్నారు. మా బాబాయికి అప్పట్లో ధనుర్వాతం వచ్చి తగ్గింది, ఆయన్నీ టీకా వేయించుకోమన్నారు. వచ్చి తగ్గిన జబ్బుకు టీకా ఎందుకు?

సలహా: ముందు మీ బాబాయిగారి సంగతి చెబుతాను, అది తెలిస్తే మిగతాది తేలికవుతుంది. ధనుర్వాతంలో ప్రాణం మీదికి తెచ్చేది గాయంలో చేరిన బ్యాక్టీరియా వదిలే విషం. కిలో బరువుకు రెండు మూడు నానోగ్రాములు, అంటే గ్రామును వంద కోట్ల ముక్కలు చేస్తే అందులో రెండు మూడు ముక్కలు చాలు, మనిషి చనిపోవడానికి. అంత కొద్దిపాటి విషం మన రోగనిరోధక వ్యవస్థ కంట్లో కూడా పడదు. అందుకే తట్టులా ఒకసారి వస్తే ఇక రాదనే ధీమా దీనికి లేదు.

టీకాలో ఉండేది అదే విషం, కాకపోతే ఫార్మాల్డిహైడ్‌తో దాని శక్తి తీసేస్తారు, రూపం మాత్రం ఉంటుంది. కావలసినంత మోతాదులో ఇస్తారు కాబట్టి శరీరం దాన్ని గుర్తుపట్టి యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది, గుర్తుపెట్టుకునే కణాలు ఏళ్ల తరబడి ఉండిపోతాయి. ఈ యాంటీబాడీలు విషాన్ని రక్తంలోనే పట్టుకోవాలి. నాడీకణంలోకి దూరాక ఇక అందదు.

ఆరు నెలల మాట నిజం కాదు. మూడు డోసుల కోర్సు పూర్తయి ఉంటే, ఇలాంటి మురికి గాయానికైనా ఐదేళ్ల లోపు మళ్లీ అక్కర్లేదు. నా టెన్షన్ వేరే. నాన్నగారి వయసువాళ్లలో చాలామందికి చిన్నప్పటి టీకాలు లేవు, దెబ్బ తగిలినప్పుడల్లా ఒక్కో ఇంజెక్షన్ వేయించుకుని వదిలేశారు. ఆయనకూ అంతే అయితే ఈరోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. టీకాతో పాటు, రెండో చోట, సిద్ధంగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్ (ఇమ్యునోగ్లోబులిన్) కూడా వేయాలి, ఎందుకంటే టీకాకు శరీరం స్పందించడానికి రోజులు పడుతుంది. తర్వాతి డోసులు నెల తర్వాత ఒకటి, ఆ తర్వాత ఆరు నెలల నుంచి ఏడాది లోపు ఇంకొకటి. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీటీ బదులు టీడీ ఇస్తున్నారు, అందులో డిఫ్తీరియాకూ రక్షణ ఉంటుంది, కంగారు పడకండి.

గాయాన్ని సబ్బు నీళ్లతో బాగా కడగండి. కాఫీపొడి, సున్నం దయచేసి అద్దకండి. అసలు భయం తుప్పుతో కాదు, మట్టిలో, పేడలో ఉండే క్రిములతో. వచ్చే మూడు వారాల్లో దవడ బిగుసుకున్నా, మింగడం కష్టమైనా తెల్లారే దాకా ఆగొద్దు, ఐసీయూ ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లిపోండి.