సకురదమోన్ చూడబోతున్న అమ్మలుకి

అమ్మలూ,

మార్చిలో టోక్యో వెళ్తున్నావని, ముందు సకురదమోన్ చూస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. మన ఇంట్లో కోట ద్వారం కోసం ఉబలాటపడేవాళ్లు పుట్టారని వీధంతా చెప్పుకున్నాను. రాత్రయ్యేసరికి టెన్షన్ పట్టుకుంది.

దారి తేలికే. యూరకుచో మెట్రో లైన్‌లో ఆ పేరుతోనే స్టేషన్ ఉంది. టికెట్ లేదు. ముందు చిన్న ద్వారం, దాటి కుడికి తిరిగితే పైన చెక్క గది ఉన్న పెద్ద ద్వారం. దూసుకొచ్చే శత్రువు ఆ మలుపులో ఆగాల్సిందే.

లోపలికి వెళ్లే ముందు బయట రోడ్డు మీద కాసేపు నిలబడు. 1860 మార్చి 24న అక్కడే ప్రధానామాత్యుడు ఇఇ నవొసుకేని చంపారు. చక్రవర్తి అనుమతి లేకుండా 1858లో అమెరికాతో ఒప్పందం చేసుకున్నాడనీ, ఎదురన్నవాళ్లను అణిచేశాడనీ పగ. పొద్దున్నే మంచు పడుతోంది. తడిస్తే పాడవుతాయని కాపలావాళ్లు కత్తుల పిడులకు గుడ్డసంచులు తొడిగారు, మనం రిమోట్‌కి పాలిథిన్ కవర్ తొడిగినట్టు. మీదపడింది పద్దెనిమిది మందే. కాపలావాళ్లు అంతకు మూడింతలు. ముడులు విప్పి కత్తి దూసేలోగా పల్లకీలోని మనిషి పోయాడు. ఉద్యోగానికి అక్కడున్నప్పుడు ఇదంతా మీ నాయనమ్మకి ఉత్తరం రాస్తే, "బోయీలేమయ్యార్రా?" అని అడిగింది. పారిపోయారని రాశాను. "మంచిపని చేశారు" అంది. మంత్రి ఊసే లేదు ఆవిడకి!

నీ సంగతి నాకు తెలుసు. పాస్‌పోర్టుని కవర్లో, కవర్‌ని పర్సులో, పర్సుని బ్యాగు అడుగున దాస్తావు. అక్కడ విదేశీయులు అది వెంట ఉంచుకోవాలి. ద్వారానికి ఎదురుగా ఉన్నదే టోక్యో పోలీసుల ప్రధాన కార్యాలయం. అడిగితే చటుక్కున తీసేలా పెట్టుకో.

ఇయర్‌ఫోన్లు తీసెయ్. రాజప్రాసాదం చుట్టూ ఐదు కిలోమీటర్లు పరిగెత్తేవాళ్లు ఈ ద్వారంలోంచే పోతారు, నీ వెనక నుంచే వస్తారు. ఫోటో కోసం వెనక్కి అడుగులేసే అలవాటు చిన్నప్పటినుంచీ ఉంది నీకు, ఎన్ని తిట్లు తిన్నా పోలేదు. ఏం చేస్తాం, అలా తీసినవే నా గోడ మీదున్నాయి.

స్వెట్టర్ మరిచిపోకు. గది చేరగానే మెసేజ్ పెట్టు. మనకంటే వాళ్లు మూడున్నర గంటలు ముందు, కాబట్టి నన్ను నిద్ర లేపుతానన్న సాకు చెల్లదు.

మీ పెదనాన్న