కాన్‌స్ట్ అని రాసినా ర్యామ్ ఎందుకు నిండుతోంది?

ప్రశ్న: ఏవీఆర్ కుటుంబానికి చెందిన ఏటీమెగా 328పి మైక్రోకంట్రోలర్ చిప్‌తో ఉష్ణోగ్రతను నమోదు చేసే పరికరం తయారు చేస్తున్నాను. డిస్‌ప్లే మీద చూపవలసిన సందేశాలన్నింటినీ సీ భాషలో కాన్‌స్ట్ అని ప్రకటించి ఒక పట్టికలో పెట్టాను. అయినా ర్యామ్ 2,048 బైట్లలో 1,790 బైట్లు నిండినట్టు కంపైలర్ చెబుతోంది. పైగా పరికరం కాసేపు పనిచేసి, దానంతట అదే మళ్ళీ మొదటినుంచి మొదలవుతోంది. పొరపాటు ఎక్కడ జరిగింది?

జవాబు: మీరు కాన్‌స్ట్ వాడటంలో తప్పు లేదు. అయితే ఆ మాట ‘ఈ విలువను మార్చను’ అని కంపైలర్‌కు ఇచ్చే హామీ మాత్రమే; దాన్ని ఎక్కడ ఉంచాలో అది చెప్పదు. ఏవీఆర్ చిప్‌లలో, ప్రోగ్రామ్‌ను దాచే, కరెంటు పోయినా చెరగని ఫ్లాష్ మెమరీకీ ర్యామ్‌కూ చిరునామాలు వేరువేరుగా సున్నా నుంచి మొదలవుతాయి, వాటిని చదివే ఆదేశాలు కూడా వేరు. సీ భాషలోని మామూలు పాయింటర్‌లో చిరునామా ఉంటుందే తప్ప, అది ఏ మెమరీకి చెందినదో ఉండదు. అందువల్ల పాయింటర్ అందుకున్న ఏ ఫంక్షన్ అయినా ర్యామ్‌లోనే వెతుకుతుంది కాబట్టి, మీ సందేశాలు అక్కడ దొరికేలా కంపైలర్ వాటిని, తొలి విలువలున్న వేరియబుల్స్ ఉండే డేటా విభాగంలో చేరుస్తుంది.

ఈ విభాగానికి రెండు చోట్ల స్థలం కావాలి. కరెంటు పోతే ర్యామ్‌లో ఏదీ మిగలదు గనుక తొలి విలువలు ఫ్లాష్‌లో ఉంటాయి. చిప్ మొదలైన ప్రతిసారీ, మెయిన్ ఫంక్షన్ కన్నా ముందు నడిచే స్టార్టప్ కోడ్ వాటిని ర్యామ్‌లోకి నకలు చేస్తుంది. తొలి విలువ ఇవ్వని గ్లోబల్ వేరియబుల్స్ బీఎస్‌ఎస్ విభాగంలో చేరతాయి. వాటిని సున్నాలతో నింపితే చాలు.

మీకు కావలసినది, విలువను ఫ్లాష్‌లోనే ఉంచమని కంపైలర్‌కు చెప్పే ప్రోగ్‌మెమ్ అనే గుర్తు. ఇక్కడే చాలామంది ఒక చోట పొరబడతారు. సందేశాల పట్టికకు మాత్రమే ఆ గుర్తు తగిలిస్తే, ఒక్కొక్కటి 2 బైట్లుండే పాయింటర్లు ఫ్లాష్‌లోకి వెళతాయి, అసలు అక్షరాలు మాత్రం ర్యామ్‌లోనే ఉండిపోతాయి. ప్రతి సందేశాన్నీ విడిగా పేరు పెట్టి, ప్రోగ్‌మెమ్‌తో ప్రకటించి, ఆ పేర్లతో పట్టిక కట్టాలి. చదివేటప్పుడు కూడా ఫ్లాష్ నుంచి చదివే ప్రత్యేక ఫంక్షన్లనే వాడాలి. మామూలుగా చదివితే కంపైలర్ అభ్యంతరం చెప్పకపోవచ్చు, తెర మీద మాత్రం అర్థంలేని అక్షరాలు కనిపిస్తాయి. మరో రకమైన ఆర్మ్ కార్టెక్స్-ఎమ్ చిప్‌లలో అయితే ఫ్లాష్, ర్యామ్ ఒకే చిరునామా వరుసలో ఉంటాయి కాబట్టి కాన్‌స్ట్ సమాచారం మామూలుగా ఫ్లాష్‌లోనే నిలుస్తుంది. అక్కడ కూడా అక్షరాలతో పాటు పాయింటర్లను సైతం కాన్‌స్ట్ అని ప్రకటించకపోతే పట్టిక ర్యామ్‌లోకే వస్తుంది.

ఇక పరికరం తిరిగి మొదలవడం గురించి. మీకు కనిపించిన 1,790 బైట్లు డేటా, బీఎస్‌ఎస్ విభాగాల మొత్తం మాత్రమే. ఫంక్షన్లు నడిచేటప్పుడు తాత్కాలికంగా వాడుకునే స్టాక్ అనే స్థలం అందులో లేదు. స్టాక్ ర్యామ్ పైచివర నుంచి కిందికి పెరుగుతుంది, మిగిలిన 258 బైట్లలోనే ఫంక్షన్ల లోపలి వేరియబుల్స్, తిరిగి వెళ్ళవలసిన చిరునామాలు, ఇంటరప్ట్ (చేస్తున్న పనిని మధ్యలో ఆపే సంకేతం) వచ్చినప్పుడు దాచుకునే రిజిస్టర్ల విలువలు అన్నీ ఇమడాలి. ఒక ఫంక్షన్‌లో 128 బైట్ల బఫర్ ఉంటే సగం అక్కడే అయిపోయినట్టు. హద్దు దాటిన స్టాక్ గ్లోబల్ వేరియబుల్స్ మీదికి వస్తుంది. ఆ తరువాత వాటిలో రాసే విలువ స్టాక్‌లోని తిరుగు చిరునామాను చెరిపివేస్తే ప్రోగ్రామ్ ఎక్కడికో దూకి, చివరికి సున్నా చిరునామాకు చేరి మళ్ళీ మొదలు కావచ్చు. ఈ ఢీకొనడాన్ని పసిగట్టే ఏర్పాటు ఈ చిప్‌లో లేదు. మీ లక్షణాలను బట్టి నేను ముందుగా అనుమానించేది దీన్నే.

నిర్ధారించుకోవడానికి, ప్రోగ్రామ్ మొదట్లోనే ఖాళీ ర్యామ్‌ను ఏదో ఒక గుర్తు విలువతో నింపి, పరికరాన్ని అన్ని పనులూ చేయించిన తరువాత ఎన్ని బైట్లు చెదరకుండా మిగిలాయో లెక్కించండి. సందేశాలను ఫ్లాష్‌లోకి మార్చాక లింకర్ (ప్రోగ్రామ్ భాగాలను కలిపే సాధనం) ఇచ్చే, ఏది ఎక్కడ ఉందో చూపే మ్యాప్ ఫైల్ తెరిచి, వాటి పేర్లు డేటా విభాగంలో ఇంకా ఉన్నాయేమో చూడండి. ఒక్కటి కనిపించినా, దాని ప్రకటనలో ప్రోగ్‌మెమ్ తప్పిపోయి ఉంటుంది.