అమెరికా ఈత కొలనుల ప్లాన్లు గీసే పనికి డిప్లొమా అబ్బాయిని పంపవచ్చా?

ప్రశ్న: మాది జడ్చర్ల దగ్గర ఒక పల్లె. నేను తాపీ మేస్త్రిని. మా అబ్బాయి మహబూబ్‌నగర్‌లో సివిల్ డిప్లొమా పూర్తి చేశాడు. డిప్లొమా వారికి పెట్టే ఈసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా ఒక ప్రైవేటు కళాశాలలో బీటెక్ సీటు వచ్చేలా ఉంది. ఇంతలో హైదరాబాదులోని ఒక సంస్థ ఉద్యోగానికి పిలిచింది. అమెరికాలో ఇళ్ల వెనుక కట్టుకొనే ఈత కొలనులకు అనుమతి కోసం ప్లాన్లు గీయాలట. రాత్రి డ్యూటీ, పైగా ఆ ప్లాన్ల మీద వాడి పేరు కూడా ఉండదట. మా బావమరిది మాత్రం చిట్టీ ఎత్తి అమీర్‌పేటలో త్రీడీ, బిమ్ (భవనం నమూనాను వివరాలన్నిటితో కంప్యూటర్‌లో తయారుచేయడం) కోర్సు చేయించమంటున్నాడు. ఈ మూడింటిలో ఏది మంచిదో పోల్చి చెప్పగలరు. మేస్త్రి కొడుకు అంత చదివి గీతలు గీసుకుంటున్నాడని నలుగురూ అనరా?

జవాబు: మూడు దారులను పోల్చి చెప్పమన్నారు కాని, మీ అసలు ప్రశ్న ఉత్తరం చివరి వాక్యంలో ఉంది. ఫలితాలు వచ్చిన ప్రతిసారీ ఇదే దిగులు వేర్వేరు రూపాల్లో నా ముందుకు వస్తుంది. వడ్రంగి ఇంట్లోనైనా, ఎలక్ట్రీషియన్ ఇంట్లోనైనా, చదువు తమ పిల్లలను చేతిపనికి వీలైనంత దూరం తీసుకుపోవాలని తల్లిదండ్రులు కోరుకుంటారు. ఎక్కడ ఆనకట్ట కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా మూటాముల్లె సర్దుకొని వలస పోయిన పాలమూరులో ఆ కోరిక ఎంత న్యాయమైనదో నాకు తెలుసు. అందుచేత ముందుగా ఆ పని ఏమిటో కొంత వివరంగా చెబుతాను. అది విన్న తరువాత కూడా మీకు చిన్నతనంగా అనిపిస్తే అప్పుడు వద్దనుకోవచ్చు.

అమెరికాలో ఇంటి పెరట్లో కొలను తవ్వాలంటే, సాధారణంగా ఆ ఊరి లేదా కౌంటీ (మన జిల్లా వంటిది) కార్యాలయం ప్లాన్ పరిశీలించి అనుమతి ఇచ్చిన తరువాతనే తవ్వాలి. నీటి అంచు స్థలం హద్దుకు, ఇంటి గోడకు, సెప్టిక్ ట్యాంకుకు ఎంత దూరంలో ఉంది, మురుగు గొట్టాల కోసమో విద్యుత్తు తీగల కోసమో విడిచిపెట్టిన పట్టీలోకి కొలను చొచ్చుకొని పోతోందా, పంపు, ఫిల్టరు ఎక్కడ పెడతారు, వాననీరు పక్కవారి స్థలంలోకి పోకుండా ఎటు మళ్లుతుంది అనేవన్నీ సైట్ ప్లాన్ మీద అడుగులు, అంగుళాల కొలతలతో కనిపించాలి. ఆపైన కొలను సెక్షన్ (నిలువుగా కోస్తే లోపల కనిపించే బొమ్మ), ఇనుప సలాకల వివరం, విద్యుత్తు పని, కంచె వివరం వేర్వేరు షీట్ల మీద వస్తాయి. ఒక్క కొలత లోపించినా పరిశీలించే అధికారి తన అభ్యంతరాలు రాసి ప్లాన్ తిప్పి పంపుతాడు, అది సరిదిద్దేవరకు తవ్వకం మొదలుకాదు.

వీటిలో కంచె షీటు ఒక్కటి తీసుకుందాం. అక్కడి చాలా ఊళ్లు ఆధారంగా తీసుకొనే ఈత కొలనుల కోడ్ (నియమావళి) ప్రకారం కంచె కనీసం 48 అంగుళాల ఎత్తు ఉండాలి, ఆ ఎత్తును బయటి వైపు నేల నుంచి కొలవాలి. కంచె సందుల్లో 4 అంగుళాల బంతి దూరకూడదు. మనుషులు నడిచే గేటు కొలనుకు అవతలి వైపుకు తెరుచుకోవాలి, చేయి వదిలితే దానంతట అదే మూసుకొని గడియ పడాలి. గడియ 54 అంగుళాల కంటే కిందికి ఉంటే దానిని బయటి నుంచి పిల్లల చేయి అందకుండా గేటుకు కొలను వైపున, పై అంచుకు కనీసం 3 అంగుళాలు దిగువన పెట్టాలి. ఈ వాక్యాలను పాత ప్లాన్ నుంచి కొత్త ప్లాన్‌లోకి దించడం ఎవరికైనా చేతనవుతుంది. కాని బయటి వైపు ఎనిమిది అంగుళాల ఎత్తున పూలమడి కట్టి ఉంటే, ఆ చోట కంచె 40 అంగుళాలే అవుతుంది, నాలుగేళ్ల పిల్లవాడు ఆ మడి ఎక్కి అవతలికి దిగగలడు. సర్వే కాగితం మీద మట్టం అంకెలు చూసి ఆ తేడా పట్టుకొని, కంచె పెంచాలా, మడి తీసేయాలా అని అడిగినవాడే నిజమైన డ్రాఫ్ట్స్‌మన్. కాలిఫోర్నియాలోనైతే కంచె, నీటి మీది కప్పు, అలారం వంటి ఏడు రక్షణ ఏర్పాట్లలో కనీసం రెండు ఉండాలని రాష్ట్ర చట్టమే చెబుతోంది. ఊరు మారితే నియమం మారుతుంది కనుక ప్రతి ప్లాన్‌కూ మళ్లీ చదవక తప్పదు.

భూమి సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. టెక్సాస్‌లోని డాలస్ పరిసరాల్లో బంకనేల మన నల్లరేగడి మాదిరే తడిస్తే ఉబ్బి, ఎండితే పగులుతుంది, కనుక అక్కడ కొలనుకు సలాకల లెక్క మారుతుంది. భూగర్భజలం పైకి ఉన్న చోట కొలనును ఖాళీ చేస్తే, కింది నీటి ఒత్తిడికి ఆ కాంక్రీటు తొట్టి మొత్తం పైకి లేచే ప్రమాదం ఉంది, అందుకే అడుగున ఒత్తిడి వదిలే వాల్వు చూపిస్తారు. నీటిలో ఉన్నవారికి షాకు తగలకుండా సలాకలను, నిచ్చెనను, పంపు మోటారును, అంచుకు 5 అడుగుల లోపున్న లోహపు వస్తువులను లావుపాటి రాగి తీగతో కలపాలని వారి విద్యుత్తు కోడ్‌లో 680వ ఆర్టికల్ చెబుతుంది. మీ అబ్బాయి డిప్లొమాలో కాంక్రీటు పనికి మన దేశపు కోడ్ అయిన ఐఎస్ 456 చూసే ఉంటాడు. నీటిని నిలిపే కాంక్రీటు కట్టడాలకు మనకు ఐఎస్ 3370 ఉంది. అక్కడి కోడ్ చదవడం అలవాటైనవాడికి ఇక్కడి కోడ్ కష్టం కాదు. 44వ జాతీయ రహదారి పొడవునా కొత్తూరు, షాద్‌నగర్ చుట్టుపక్కల ఫామ్‌హౌసుల్లో కొలనులు వెలుస్తున్నాయి, వాటిలో కంచె అన్న మాటే లేనివి నేను కళ్లారా చూశాను. ఈ విద్య నేర్చినవారి అవసరం మన దగ్గర లేదని ఎలా అనుకోగలం?

ప్లాన్ మీద పేరు ఉండదన్న బాధ గురించి. స్ట్రక్చరల్ షీట్ల మీద ఆ రాష్ట్రంలో లైసెన్సు ఉన్న ఇంజినీరు తన ముద్ర వేసి బాధ్యత తీసుకుంటాడు. ఆ లైసెన్సు లేకపోతే ఇక్కడ ఎంత పెద్ద డిగ్రీ చదివినవారైనా అక్కడ ముద్ర వేయలేరు కనుక, ఇందులో మీ అబ్బాయికి జరిగిన అవమానం ఏమీ లేదు. మీరు ఇన్నేళ్లుగా కట్టిన ఇళ్లలో ఏ గోడ మీదనైనా మీ పేరు రాశారా? అయినా ఆ ఇళ్లలో మనుషులు నిశ్చింతగా నిద్రపోతున్నారు.

ఇక మీకు నచ్చని మాట ఒకటి అనక తప్పదు. మీ ఉత్తరంలో నలుగురూ ఏమంటారో ఉంది, బావమరిది ఏమన్నారో ఉంది, మీ అబ్బాయి ఏమంటున్నాడో ఒక్క వాక్యం కూడా లేదు. మూడేళ్లు సివిల్ చదివి, సంస్థ నుంచి పిలుపు తెచ్చుకున్న పిల్లవాడిని ఎదురుగా కూర్చోబెట్టుకొని నీకేమనిపిస్తోందని అడగకుండానే చిట్టీ పాడటానికి సిద్ధమవడం తండ్రి చేయవలసిన పని కాదు. మేస్త్రి కొడుకు అని తలదించుకోవలసింది ఏముంది? సలాక ఎక్కడ వంచాలో, గోడ ఎందుకు చెమ్మగిలుతుందో ఇంట్లోనే చూస్తూ పెరిగిన అబ్బాయికి మిగతా డిప్లొమా పిల్లలకు లేని ఆధారం ఉంది. దానిని సిగ్గుపడే విషయంగా మార్చి వాడికి అప్పగించకండి.

కోర్సు విషయంలో నాకు గట్టి సందేహాలున్నాయి. బిమ్ అనేది పనికిమాలిన విద్య అని నేననను. ఆసుపత్రులు, మెట్రో స్టేషన్లు, పెద్ద పెద్ద భవనాల పనిలో అది అవసరమే. కాని ఏ కోడూ చదవని, ఏ సైటూ చూడని పిల్లలకు కొద్ది నెలల్లో నాలుగు సాఫ్ట్‌వేర్లు చూపించి, చివర ఒక ధ్రువపత్రం చేతిలో పెట్టే పద్ధతి వల్ల ఉద్యోగాలు వస్తాయన్న నమ్మకం నాకు లేదు. నీలి నీళ్లు మెరుస్తున్న త్రీడీ బొమ్మ ఇంటి యజమానిని ఒప్పించడానికి పనికివస్తుంది, అనుమతి ఇచ్చే అధికారి మాత్రం హద్దు నుంచి దూరం ఎంతో చూస్తాడు. పైగా అలాంటి బొమ్మలను ఇప్పుడు కృత్రిమ మేధ నిమిషాల్లో తయారుచేస్తోంది, కనుక అప్పు చేసి నేర్చుకోవలసిన విద్యల్లో దానిని నేను చివరన పెడతాను. రేపు ఉద్యోగంలో రెవిట్ వంటి బిమ్ సాఫ్ట్‌వేర్ అవసరమైతే జీతంలోంచి ఫీజు కట్టి నేర్చుకోవచ్చు. ఇంకా చదువుకుంటున్న పిల్లలకైతే రెవిట్ తయారుచేసే ఆటోడెస్క్ సంస్థ తన సాఫ్ట్‌వేర్లను ఉచితంగానే ఇస్తుంది, ఈ సంగతి పాలిటెక్నిక్‌లో ఉండగానే తెలుసుకొని వాడుకోవాలి. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అని బోర్డు పెట్టినవారిని, కిందటి బ్యాచ్ పిల్లలతో ఫోనులో మాట్లాడించమని అడిగి చూడండి.

బీటెక్‌కు, ఉద్యోగానికి మధ్య పోలిక క్లుప్తంగా చెబుతాను. ప్రభుత్వ శాఖల్లో అసిస్టెంట్ ఇంజినీరు పోస్టులకు డిప్లొమా సరిపోతుంది, అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు పోస్టుకు మాత్రం డిగ్రీ కావాలి. అబ్బాయి మనసు అటు ఉంటే ఇప్పుడే బీటెక్‌లో చేరనివ్వండి, ఆలస్యం వద్దు. అలాంటి కోరిక లేకపోతే ముందు ఒక ఏడాది ఈ పని చేయనివ్వమని నా సలహా, ఎందుకంటే ఈసెట్ వచ్చే ఏడాది కూడా రాయవచ్చు. రాత్రి డ్యూటీ మాత్రం చిన్న విషయం కాదు. అరిజోనాలో ఉదయం తొమ్మిదైతే మనకు రాత్రి తొమ్మిదిన్నర, కనుక నిద్ర, తిండి, గది విషయంలో మొదటి నెలల్లో మీ తోడ్పాటు కావాలి. వాడి తొలి జీతాన్ని నమ్ముకొని ఇంట్లో కొత్త వాయిదాలు పెట్టుకోకండి. అలా పెట్టుకుంటే, మళ్లీ చదువుకోవాలని వాడికి అనిపించినా చదువుకోలేడు.

అబ్బాయి ఒంటరిగా ఆ సంస్థకు వెళ్లి కొన్ని విషయాలు అడిగి రావాలి. తను గీసిన ప్లాన్‌ను తనిఖీ చేసే అనుభవజ్ఞులు అదే ఆఫీసులో ఉన్నారా, తిరిగివచ్చిన ప్లాన్ మీద అధికారి రాసిన అభ్యంతరాలను తనకు చూపిస్తారా, లేక ఎవరో గుర్తుపెట్టిన చోట్ల మార్పులు మాత్రమే చేయిస్తారా, ఏడాది తరువాత ఒక ప్లాన్‌ను మొదటి నుంచి చివరి వరకు తనకు అప్పగిస్తారా? పాత గీతను కొత్త షీటులోకి దించే పనే అయితే దానిని యంత్రం లాగేసుకోవడానికి ఎంతోకాలం పట్టదు కనుక అలాంటి చోట చేరవద్దు. డిపాజిట్ అడిగినా, బాండు పేరుతో ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచుకుంటామన్నా అక్కడి నుంచి లేచి రమ్మనండి, జిరాక్సులు మాత్రమే ఇవ్వాలి. ఈసెట్ కౌన్సెలింగులో ఆప్షన్లు పెట్టే గడువు ముగిసేలోగా ఇదంతా పూర్తికావాలి, ఆ ఆప్షన్లు ఏమిటో, అసలు పెట్టాలో వద్దో మీ అబ్బాయినే చెప్పనివ్వండి.