8 జీబీ కొంటే తర్వాత పెంచుకోవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్ఈలో చేరాడు. 50 వేలలో ల్యాప్‌టాప్ చూస్తున్నాం. ‘8 జీబీ ర్యామ్ ఉన్నది తీసుకోండి, తర్వాత పెంచుకోవచ్చు’ అంటున్నారు షాపువాళ్లు. నమ్మవచ్చా? గ్రాఫిక్స్ కార్డు ఉండాల్సిందేనా?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: అన్ని మోడళ్లకీ ఆ మాట చెల్లదు. వివరాల పట్టికలో ర్యామ్ పక్కన ‘ఎల్‌పీడీడీఆర్’ అని ఉంటే, ఆ చిప్పులను దాదాపుగా మదర్‌బోర్డుకే సోల్డర్ చేసి (ఊడదీయలేకుండా అతికించి) ఉంటారు. ఇక నాలుగేళ్లూ ఎనిమిదే. ‘డీడీఆర్4 సోడిమ్’ లేదా ‘డీడీఆర్5 సోడిమ్’ (విడిగా తీసి పెట్టగలిగే ర్యామ్ స్టిక్) అని ఉంటే స్లాట్ ఉన్నట్టు. 8 జీబీ బోర్డు మీదే ఉండి, పక్కన ఒక ఖాళీ స్లాట్ ఉన్న మోడళ్లూ ఫర్వాలేదు. రెండు స్లాట్లలో చెరో 4 జీబీ ఉంటే మాత్రం పెంచే రోజున పాతవి తీసి పక్కన పడేయాల్సిందే.

షాపులో డెమో పీసు మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ తెరవండి. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర ‘రో ఆఫ్ చిప్స్’ అని కనిపిస్తే సోల్డర్ చేసిందే. కింద చూపే స్లాట్ల సంఖ్యను ఒక్కదాన్నే నమ్మకండి, సోల్డర్ చిప్పులను కూడా స్లాట్లుగా లెక్కేసే మెషిన్లున్నాయి. కంపెనీ సైట్‌లో ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ చూస్తే సందేహం తీరుతుంది.

మొదటి ఏడాది సీ, పైథాన్‌లకు 8 జీబీ చాలు. ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ (తెర మీద నడిచే నమూనా ఫోన్) తెరిచినా, వర్చువల్ మెషిన్ (కంప్యూటర్ లోపలే నడిచే మరో కంప్యూటర్) నడిపినా చాలదు. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ కూడా ఆ 8 జీబీలోంచే వాటా తీసుకుంటుంది. ఇంకో మాట: 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. అదే మోడల్ 16 జీబీతో ఎంతో, విడిగా 8 జీబీ స్టిక్ ఎంతో రెండూ అడిగాకే నిర్ణయించుకోండి.

మార్చలేనిది ప్రాసెసర్. డబ్బు అక్కడ పెట్టండి. రైజెన్ 5 7520యూ, 7530యూ పేర్లలో తేడా ఒక్క అంకే. మొదటిది పాత జెన్ 2 తరం డిజైన్, 4 కోర్లు, ఎల్‌పీడీడీఆర్5 తప్ప వేరే ర్యామ్ పట్టదు. రెండోది జెన్ 3, 6 కోర్లు, డీడీఆర్4 స్లాట్లతోనూ వస్తుంది. ఈ సిరీస్‌లో చూడాల్సింది జెన్ తరాన్ని చెప్పే మూడో అంకె. పైన ‘రైజెన్ 5’ స్టిక్కర్ రెండింటికీ ఒకటే!

డేటా స్ట్రక్చర్స్, డీబీఎంఎస్, వెబ్ పనులకు గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. డీప్ లెర్నింగ్ పాఠాలకు ఆన్‌లైన్‌లో గూగుల్ కోలాబ్‌లో ఉచితంగా దొరికే జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) సరిపోతుంది. ఆ డబ్బుతో ఐపీఎస్ తెర చూసుకోండి. పక్క నుంచి చూసినా రంగులు వెలిసిపోకూడదు.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో 8 జీబీ డీడీఆర్5కి తోడు ఇంకో 8 జీబీ స్టిక్ వేశాను. ఆన్ చేస్తే తెర నల్లగానే ఉంది. పాడైపోయిందా?
- ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: కంగారు పడకండి. కొత్త ర్యామ్ వేశాక తొలిసారి ఆన్ చేసినప్పుడు డీడీఆర్5 మెషిన్లు దాన్ని పరీక్షించి సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి. అంతవరకూ తెర వెలగకపోవచ్చు. చార్జర్ పెట్టి పది నిమిషాలు వదిలేయండి, మధ్యలో పవర్ బటన్ నొక్కకండి.

అప్పటికీ రాకపోతే ఆఫ్ చేసి, చార్జర్ తీసి, లోపల బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. ఈ పని చేయకుండా ర్యామ్ ముట్టుకుంటే బోర్డు కాలే ప్రమాదం ఉంది. స్టిక్‌ను ఏటవాలుగా, బంగారు రంగు గీతలు దాదాపు కనబడనంత లోపలికి తోసి, కిందికి అదమండి. రెండు పక్కల క్లిప్పులూ టక్కుమనాలి. చాలాసార్లు తప్పు ఇక్కడే. తర్వాత ఒక్కో స్టిక్‌తో విడివిడిగా ఆన్ చేసి చూడండి. కొత్తది ఒంటరిగానూ పని చేయకపోతే షాపులో మార్పించుకోండి.